చెలకలోని రసాయనం ఎవరి సొత్తు?

జొన్నలో కంది, పక్కన బొబ్బర, మధ్యన పెసర కలిపి వేస్తే మనల్ని మొరటోళ్లన్నరు. ఒక్క పంటైనా సక్కగ పండించుకోరాదన్నరు. అన్నదెవరు? నాగలి పట్టనోళ్లు, కలుపు తియ్యనోళ్లు. ఆ మాట తప్పనడానికి సాక్ష్యం చదువుకున్నోళ్ల ప్రయోగశాలలోనే దొరికింది.

మనకు దక్కిన భూములేవి? దొరలకు నల్లరేగడి, చెరువు కింది మాగాణి. మనకు అసైన్‌మెంటు పట్టా మీద ఎర్రచెలక, రాళ్ల దుబ్బ. ఎర్రనేలలో భాస్వరం ఉన్నా అది ఇనుముతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పడం జొన్న వేరుకు అంతగా చేతకాదు. కంది వేరుకు చేతనవుతుంది. కంది వేరు నుంచి ఊరే పిసిడిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు 1990లో ప్రకటించారు. అదే కంది వేరు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు వదిలి రైజోబియం బాక్టీరియాను పిలుస్తుంది. అవి వేరుకు బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పంటకిస్తాయి. ఎరువు బస్తా కొనలేని అవ్వకు ఇంతకన్న ఆసరా ఏముంది?

చెట్ల మధ్య మాటలన్నీ రసాయనాలే. మక్కజొన్న ఆకును లద్దెపురుగు కొరికితే ఆ ఆకు ఒక వాసన విడుస్తుంది. ఆ వాసనకు సన్న కందిరీగలొచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి, పురుగు చస్తుంది. విషం మందు కొడితే పురుగుతో పాటు ఆ కందిరీగలూ చస్తాయి. పంపు వీపున మోసి ఆ విషం పీల్చేది మన కూలోళ్లే.

చెట్టు రసాయనమంతా మంచిదేనని మేము అనడం లేదు. లేత జొన్నలో, ఎండకు వాడిన జొన్నలో ధురిన్ ఉంటుంది. మేస్తే సైనైడ్ పుట్టి పశువు చస్తుంది. జొన్న వేరు వదిలే సోర్గోలియోన్ పక్కన కలుపునూ అణచగలదు, పక్క పంటనూ అణచగలదు. అందుకే దేని పక్కన ఏది వెయ్యాలన్నది తరతరాల శాస్త్రం. ఆ శాస్త్రం పశువుల కాసిన జీతగాడిది, విత్తనం దాచిన ఆడబిడ్డది.

రాసి పెట్టుకోకుంటే దాన్ని ఇంకొకడు రాసుకుంటాడు. వేపనూనెతో బూజు తెగుళ్లను అణచే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ 1994లో యూరప్ పేటెంటు ఇచ్చింది. ఇది ఇండియాలో ముందునుంచే వాడుకలో ఉందని కొట్లాడితే 2000లో రద్దయింది. వాళ్ల అప్పీలు 2005లో వీగిపోయింది.

జహీరాబాద్ దిక్కు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు ఇట్లాంటి చెలకల్లోనే పలు పంటలు కలిపి పండిస్తూ విత్తనం తమ చేతిలోనే పెట్టుకున్నారు. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాదు?

భూమి లేకుండా ఈ తెలివి కూడు పెట్టదు. పట్టా సాగు చేసే ఆడబిడ్డ పేరున కావాలి. బ్యాంకు రుణం, పంట బీమా కలిపి వేసిన పంటలకూ రావాలి. రేషన్ షాపులో మన జొన్నలు, మన కందిపప్పు కనబడాలి. కార్యకర్తలారా, వచ్చే వానాకాలంలోగా ప్రతి వాడలో ఒక నోటుపుస్తకం తెరవండి. ఏ నేలలో, ఏ పంట పక్కన ఏ పంట, ఎందుకు అని పెద్దమనుషులనడిగి, చెప్పినోళ్ల పేరుతో సహా రాయండి.

జై భీమ్!