తొట్టి నీటిలో పుట్టే జబ్బు

దోమ అనగానే మురుగు కాలువను తిట్టడం అందరికీ వాడుక. జ్వరాలు ప్రబలినప్పుడల్లా కాలువల్లో పూడిక తీయించాలని, పొగమందు కొట్టించాలని ప్రజలు కోరడం, మున్సిపాలిటీలు నాలుగు రోజులు హడావుడి చేసి ఊరుకోవడం పరిపాటి అయింది. కాలువలు శుభ్రం చేయవలసిందే. కాని డెంగ్యూ, చికున్‌గున్యా జ్వరాలను తెచ్చే ఏడిస్ దోమ సాధారణంగా మురుగులో పుట్టేది కాదు. పట్టణాల్లో మలేరియా వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమ కూడా అంతే. ఇవి గుడ్లు పెట్టేది ఇంటివారు పట్టి ఉంచుకొన్న నిలవ నీటిలో. ఈ సంగతి గ్రహించనంత కాలం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలకు, వాటి చుట్టుపక్కల పల్లెలకు ఈ బెడద తప్పదు.

వానలు తక్కువైన సీమలో దోమలు కూడా తక్కువగా ఉండాలని అనుకోవడం పొరపాటు. నీటి ఎద్దడే ఈ దోమలకు ఆశ్రయం. ఏళ్ల తరబడి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన హిందూపురంలో ఇంటింటా డ్రమ్ములు, తొట్లు చేరడం సహజం. కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత పెనుకొండ పరిసరాలకు పనుల కోసం వచ్చేవారు పెరిగారు. కొత్త కట్టడాలు లేచిన చోటల్లా గోడలు తడపడానికి నీళ్లు నిలవ చేస్తారు, మేడల మీద ట్యాంకులు పెడతారు. మూత లేని ప్రతి తొట్టీ దోమల పుట్టిల్లే. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు.

ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. రాత్రి దోమతెర కట్టుకొన్నంత మాత్రాన రక్షణ లేదు. ధర్మవరంలో పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చునే నేతపనివారు దానికి తేలికగా దొరుకుతారు. చికున్‌గున్యా పట్టుకొంటే కీళ్ల నొప్పులు వారాల తరబడి, కొందరికి నెలల తరబడి వదలవు. కాళ్లూ చేతులూ ఆడితేనే పూట గడిచే ఇంటికి ఇది చిన్న దెబ్బ కాదు.

ఇదంతా పట్టణాల గొడవ అని పల్లెవాసులు నిశ్చింతగా ఉండరాదు. ఏడిస్ దోమ తనంత తాను ఎక్కువ దూరం ఎగరలేదు. దాన్ని ఊరూరికీ మోసేది మనుషులే. పాత టైర్లకు, డ్రమ్ములకు అంటుకొన్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. నీరు తగలగానే పొదుగుతాయి. పట్నంలో జ్వరం తగిలించుకొని ఊరికి చేరిన ఒక్క మనిషి చాలు, అక్కడి దోమలకు విషం అందడానికి. 2005 చివరలో రాష్ట్రంలో తలెత్తిన చికున్‌గున్యా అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాతో సహా రాయలసీమను కుదిపి వేసింది. 2006లో దేశవ్యాప్తంగా 13 లక్షల మందికి పైగా ఆ జ్వరం బారిన పడినట్లు లెక్కలు చెప్పాయి. పల్లె, పట్నం అనే తేడా అప్పుడు కనిపించలేదు.

ఏమరుపాటుకు మూల్యం ఎంతో చరిత్ర చెబుతున్నది. 1953లో మలేరియా అదుపు పథకం మొదలయ్యాక 1965 నాటికి దేశంలో కేసులు లక్షకు తగ్గాయి. పట్టు సడలగానే 1976లో 64 లక్షలకు పెరిగాయి. పట్టణాల్లో జబ్బును అరికట్టేందుకు 1971లోనే ప్రత్యేక పథకం పెట్టవలసి వచ్చింది. మన దేశంలో పాతకాపు అయిన స్టెఫెన్సీ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించింది. ఆ ఏడు అక్కడ ముప్ఫై లోపు ఉన్న మలేరియా కేసులు 2020 నాటికి 73 వేలు దాటాయి.

నీళ్లు పారబోయండని కరవు సీమ ప్రజలకు చెప్పడం న్యాయం కాదు. పారబోయనక్కర లేదు కూడా. తొట్టికి మూత గాని, బిగువుగా కట్టిన గుడ్డ గాని ఉంటే చాలు. వారానికి ఒకసారి ఆ నీటిని పశువులకో, చెట్లకో వాడి, గుడ్లు అంటుకొని ఉండే లోపలి అంచులను పీచుతో గట్టిగా తోమి ఆరబెట్టాలి. శుక్రవారం పొడి దినంగా పాటించాలని ప్రభుత్వం చెప్పేది ఇందుకే. పాత టైర్లు, పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు వాకిట ఉంచరాదు. జ్వరం వస్తే సొంత వైద్యం మాని రక్త పరీక్ష చేయించుకోవాలి. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్ మింగడం ప్రాణాపాయం.

అయితే భారమంతా ఇల్లాళ్ల మీద వేసి అధికారులు తప్పుకోవడం తగదు. పొగమందు ఎగిరే దోమలను చంపుతుందే గాని తొట్టిలోని పురుగులను ముట్టదు. ఆరోగ్య సిబ్బంది వారం వారం ఇంటింటికీ వెళ్లి తొట్లు చూడాలి. ఖాళీ చేయ వీలులేని ట్యాంకుల్లో తగిన మోతాదులో టెమిఫాస్ మందు వేయాలి, బావుల్లో గంబూసియా చేపలు వదలాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, కుళాయి చెప్పిన వేళకు, రోజూ రావడం. నీరు నమ్మకంగా వచ్చే వీధిలో ఎవరూ నాలుగు డ్రమ్ములు నింపి పెట్టుకోరు. మంచినీటి సరఫరాకు ఖర్చు చేసే ప్రతి రూపాయీ జ్వరాల నివారణకు చేసిన ఖర్చేనని పాలకులు గుర్తించాలి.