పంటి నొప్పికి హెల్త్ కార్డు ఎందుకు పనిచేయదు?

రాత్రి పదకొండింటికి పన్ను సలపడం మొదలైంది. లవంగం పెట్టారు, ఉప్పునీళ్లు పుక్కిలించారు, ఓ మాత్ర వేసుకుని ఎలాగో తెల్లవార్చారు. పొద్దున్నే వీధి చివరి క్లినిక్‌కు వెళ్తే ఎక్స్‌రే తీసి, రూట్ కెనాల్ చేయాలి, పైన క్యాప్ వేయాలి అన్నారు. ఎంతవుతుందో కాగితం మీద రాసిచ్చారు. మీ దగ్గర ఐదు లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. రిసెప్షన్‌లో అమ్మాయి కార్డు చూసి, "డెంటల్‌కు వర్తించదండీ" అంటూ తిరిగి ఇచ్చేసింది.

లోపం మీ ఒక్క పాలసీలోనే ఉందనుకోకండి. అమెరికాలో వృద్ధుల కోసం 1965లో తెచ్చిన ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా మామూలు పంటి వైద్యాన్ని మొదటి నుంచీ పక్కనపెట్టింది. మన ఆయుష్మాన్ భారత్, ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పెట్టినవి. దవడ ఎముక విరిగితే ఆపరేషన్‌కు దారి ఉంటుంది. పిప్పి పన్నుకు ఫిల్లింగ్ కావాలంటే ఆ కార్డుతో పని జరగదు.

ఇది చిన్న జబ్బేమీ కాదు. నోటి జబ్బులతో బాధపడుతున్నవారు ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో లెక్కగట్టింది. అంటే జనాభాలో దాదాపు సగం. ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యాదాయ దేశాల వాళ్లే. ఈ జబ్బుల మీద 2019లో ప్రపంచం నేరుగా పెట్టిన ఖర్చు సుమారు 38,700 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం మాత్రం ధనిక దేశాల్లోనే ఖర్చయింది. రోగులు ఒకచోట, డబ్బు మరోచోట.

పన్ను ఒంట్లో భాగం కాదా?

ప్రపంచంలో తొలి డెంటల్ కళాశాల 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొదలైంది, వైద్య కళాశాలతో సంబంధం లేకుండా విడిగా. అప్పటి నుంచి చదువు వేరు, డిగ్రీ వేరు, కౌన్సిల్ వేరు. మన దగ్గరా అంతే. దంతవైద్యులకు 1948లోనే ప్రత్యేక చట్టం వచ్చింది, 2023లో దాని స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం తెచ్చారు. చదువు విడిపోయినట్టే బీమా కూడా విడిపోయింది.

అందరికీ ఉచిత వైద్యమంటూ 1948లో ఎన్‌హెచ్‌ఎస్‌ను తెచ్చిన బ్రిటన్‌లోనూ ఉచితానికి మొదట గండిపడింది ఇక్కడే. కట్టుడు పళ్ల కోసం జనం ఊహించనంతగా ఎగబడ్డారు. మూడేళ్లు తిరగకముందే, 1951లో, కట్టుడు పళ్లకూ కళ్లజోళ్లకూ రుసుము పెడతామన్నారు. ఆ సేవకు రూపకర్త అయిన మంత్రి అన్యూరిన్ బెవన్ దాన్ని వ్యతిరేకిస్తూ రాజీనామా చేశారు. అయినా రుసుములు ఆగలేదు.

బీమా కంపెనీల వాదన ఇంకోలా ఉంటుంది. బీమా అంటే ఎప్పుడో ఒకసారి వచ్చిపడే పెద్ద ఖర్చు కోసం. పన్ను అందరికీ ఏదో ఒక రోజు పాడవుతుంది కాబట్టి లెక్క కుదరదంటాయి. వ్యాపారంగా చూస్తే అందులో తర్కం ఉంది. కానీ చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది, షుగర్ అదుపు తప్పితే చిగుళ్లు ఇంకా పాడవుతాయి. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. గుట్కా నమిలేవారి నోట్లో తెల్లమచ్చను క్యాన్సర్ కాకముందే గుర్తుపట్టే అవకాశం దంతవైద్యుడికే ఎక్కువ. క్యాన్సర్ అయ్యాక ఆపరేషన్‌కు పథకం డబ్బిస్తుంది. మచ్చ దశలో నోరు చూపించుకోవడానికి ఇవ్వదు.

మరి పరిశ్రమ దేనితో పెరుగుతోంది?

ఎక్కువగా మీరు జేబులోంచి పెట్టే డబ్బుతోనే. అందుకే అది నొప్పి కంటే నవ్వు వైపు పరుగెడుతోంది. కంప్యూటర్‌లో పళ్ల నమూనా తీసి పారదర్శక అలైనర్లు తయారుచేసే పద్ధతిని 1997లో పుట్టిన అలైన్ టెక్నాలజీ మార్కెట్లోకి తెచ్చింది. దాని తొలి పేటెంట్ల గడువు 2017లో తీరడం మొదలయ్యాక కొత్త కంపెనీలు వరుసకట్టాయి. ఇంప్లాంట్లు, జిర్కోనియా క్యాపులు, పళ్లు తెల్లబరచడం, గొలుసు క్లినిక్‌లు, వాయిదాల మీద చికిత్స అన్నీ ఈ దారిలో వచ్చినవే.

వాయిదాల గురించి ఒక మాట. డాక్టర్ దగ్గరికి వెళ్లే పనిలేకుండా ఇంటికే అలైనర్లు పంపుతామన్న అమెరికా కంపెనీ స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి, డిసెంబరులో మూతపడింది. చికిత్స సగంలో ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. వాయిదాలు మాత్రం కడుతూ ఉండాలని వాళ్లకు చెప్పారు.

సొంత దేశంలో భరించలేనివాళ్లు విమానమెక్కుతున్నారు. యూరప్ వాళ్లకు హంగరీ, తుర్కియే ఉన్నాయి. అమెరికా వాళ్లకు మెక్సికో సరిహద్దులో లాస్ అల్గోదోనెస్ అనే చిన్న ఊరుంది, అక్కడ క్లినిక్‌లు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే దాన్ని 'దంతాల నగరం' అనే పిలుస్తారు. అమెరికా నుంచి సెలవులకు వచ్చే మనవాళ్లు పంటి పనులన్నీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ముగించుకుని వెళ్లడం మీరూ చూసే ఉంటారు. ఫిల్లింగ్, రూట్ కెనాల్ అయితే సరే. ఇంప్లాంట్ స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి చాలాసార్లు నెలలు పడుతుంది, సెలవులేమో మూడు వారాలు. తొందరపెడితే నష్టపోయేది మీరే.

అక్కడ కొరత, ఇక్కడ ఖాళీ

బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో 2024 ఫిబ్రవరిలో ఒక క్లినిక్ ఎన్‌హెచ్‌ఎస్ రోగులను చేర్చుకుంటామని తలుపులు తెరిస్తే వందల మంది క్యూ కట్టారు. అదుపు చేయడానికి పోలీసులు రావాల్సి వచ్చింది. అక్కడ డాక్టర్లు లేరని కాదు, ప్రభుత్వ పని చేయడానికి చాలామంది ఇష్టపడటం లేదు. 2006 నాటి ఒప్పందం ప్రకారం ఒక పన్నుకు ఫిల్లింగ్ చేసినా, నాలుగు పళ్లకు చేసినా చెల్లింపు ఒకటే ఉండేది. 2022లో కొంత సవరించినా అసంతృప్తి పోలేదు.

మన దేశంలో 300కు పైగా డెంటల్ కళాశాలలున్నాయి, వాటిలో అత్యధికం ప్రైవేటువి. ఐదేళ్ల బీడీఎస్ చదివి నగరంలో క్లినిక్ పెట్టాలంటే కుర్చీ, ఎక్స్‌రే యంత్రం, అద్దె అన్నీ అప్పే. పల్లెలో పెడితే ఆ అప్పు తీరదు. అందుకే నగరాల్లో వీధికో బోర్డు కనిపిస్తుంది, మండల కేంద్రం దాటితే వెతుక్కోవాలి. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ ఉద్యోగాల్లో చేరిన బీడీఎస్‌లూ ఉన్నారు. బ్రిటన్ వెళ్దామంటే ఓఆర్‌ఈ అనే పరీక్ష రాయాలి. దాని సీట్లు తక్కువ, నిరీక్షణ ఎక్కువ.

అందరిదీ ఇదే దారి కాదు. జపాన్‌లో ఫిల్లింగ్, రూట్ కెనాల్, మామూలు క్యాప్, కట్టుడు పళ్లు జాతీయ బీమాలోనే ఉంటాయి. పెద్దవాళ్లలో ఎక్కువమంది బిల్లులో 30 శాతం కడితే చాలు. ఇంప్లాంట్లు, పెద్దల అలైనర్లు చాలావరకు సొంత ఖర్చే. నొప్పి పోగొట్టేది బీమాకు, అందం మీ జేబుకు అన్నమాట. 80 ఏళ్లకు 20 సొంత పళ్లు మిగలాలని 1989లో ఆ దేశం '8020' ఉద్యమం మొదలుపెట్టింది. 2016 సర్వేకు ఆ వయసువాళ్లలో సగం మంది ఆ లెక్క అందుకున్నారు. లోటు లేదనను. బీమా ఇచ్చే ధర తక్కువ కాబట్టి ఒకే పంటికి చాలాసార్లు తిప్పుతారన్న విమర్శ అక్కడ ఉంది. థాయ్‌లాండ్ తన సార్వత్రిక ఆరోగ్య పథకంలో పన్ను తీయడం, ఫిల్లింగ్, క్లీనింగ్ చేర్చింది. థాయ్‌లాండ్ చేయగలిగింది కాబట్టి, డబ్బున్న దేశాలకే ఇది సాధ్యమన్న మాట నిలబడదు. కెనడా 2024లో ప్రైవేటు డెంటల్ బీమా లేని, కుటుంబ ఆదాయం 90,000 కెనడా డాలర్ల లోపున్న వాళ్లకు కొత్త పథకం తెచ్చింది.

ఈలోగా మీ చేతిలో ఏముంది?

ముందు మీ పాలసీ కాగితాల్లో 'డెంటల్' అనే మాట ఎక్కడుందో వెతకండి. సాధారణంగా అది మినహాయింపుల జాబితాలో ఉంటుంది, 'ప్రమాదం వల్ల అయితే తప్ప' అన్న మాటతో. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియంతో ఓపీడీ కవర్ ఇస్తాయి. తీసుకునే ముందు పంటికి ఏడాదికి ఎంత పరిమితి, ఎన్ని నెలల వెయిటింగ్ పీరియడ్ అన్నది చూసుకోండి. ప్రీమియం కంటే వచ్చేది తక్కువైతే ఆ డబ్బు పక్కన పెట్టుకోవడమే నయం. ఆఫీసు గ్రూప్ పాలసీ ఉంటే హెచ్‌ఆర్‌ను అడగండి.

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని సామెత ఉంది కానీ, బాగు చేయించుకోవడానికి మాత్రం ఎవరి దగ్గరికి వెళ్తున్నారన్నది ముఖ్యమే. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద ఉందో లేదో చూడండి. ఏ పంటికి ఏం చేస్తారో, క్యాప్ దేనితో చేసిందో, ఎన్నాళ్ల వారంటీయో రాయించుకోండి. ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకోండి. మూడు నాలుగు పళ్లకు ఒకేసారి రూట్ కెనాల్ చేయాలంటే ఇంకో డాక్టర్‌కు ఆ ఎక్స్‌రే చూపించండి.

ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కళాశాలలున్నాయి. ప్రైవేటు డెంటల్ కళాశాలల ఓపీల్లోనూ క్లినిక్‌ల కంటే తక్కువకే చేస్తారు. విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఒక్కో పనికి ఎక్కువసేపు పడుతుంది, రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది. సెలవు పెట్టుకుని, పొద్దున్నే ఓపీ చీటీ తీసుకునేలా వెళ్లండి.