తిప్పతీగ సంగతి డాక్టరుకు చెప్పాలి

తిప్పతీగ మొండిది. కోసి గోడకు తగిలించినా వేర్లు వేలాడేసుకుని చిగురిస్తుంది. సంస్కృతంలో దాని పేరు అమృత. కరోనా కాలంలో జనం ఆ పేరుకు తగ్గ ఆశే పెట్టుకున్నారు. 2020 అక్టోబరులో ఆయుష్ శాఖ ఇచ్చిన కరోనా చికిత్సా మార్గదర్శకాల్లో తిప్పతీగతో చేసే గుడూచి ఘనవటి మాత్రలకు చోటు దక్కింది. పొద్దున్నే తిప్పతీగ కషాయం ఎన్నో ఇళ్లలో అలవాటైంది.

అదే ఏడాది చివర్లో ముంబైలో ఆరుగురు కాలేయం దెబ్బతిని వైద్యుల దగ్గరికి వచ్చారు. అందరూ తిప్పతీగ వాడినవాళ్లే. 2021లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది: వాళ్లు వాడింది తిప్పతీగేనా, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పానా? న్యాయమైన ప్రశ్నే, పొడి కొట్టాక ఏ తీగో ఎవరు పోల్చగలరు! కానీ 2022లో 13 ఆస్పత్రుల నుంచి 43 మంది వివరాలతో మరో అధ్యయనం వచ్చింది. రోగులు వాడిన నమూనాలనూ పరీక్షిస్తే, వాటిలో అసలు తిప్పతీగే బయటపడింది.

చిక్కు అది పెంచుతుందనే రోగనిరోధక శక్తిలోనే ఉంది. కొందరిలో ఆ శక్తి సొంత కాలేయం మీదికే తిరగబడుతుంది. లూపస్, కీళ్లవాతం, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. కిడ్నీ మార్చుకున్నవాళ్లు ఆ శక్తిని అణచడానికే రోజూ టాక్రోలిమస్ లాంటి మాత్రలు మింగుతారు. కషాయం వాటికి ఎదురు పనిచేయవచ్చు. తిప్పతీగకు చక్కెర తగ్గించే గుణమూ ఉంది. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లు దాన్ని కూడా తాగితే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు.

కానీ ఈ కషాయం సంగతి డాక్టరు చెవిన పడదు. ఏం మందులు వాడుతున్నారంటే బీపీ బిళ్ల, షుగరు బిళ్ల అని చెప్పి ఊరుకుంటారు. కషాయాన్ని మందుల లెక్కలో వేయరు. వేసినా, తిడతారని దాస్తారు. ఆ భయం పుట్టించిన తప్పు మాత్రం డాక్టర్లదే. కసురుకోకుండా, ఇంట్లో కాచుకుని తాగేవేమిటని కూడా వాళ్లు అడగాలి.

విషద్రవ్యాలున్న ఆయుర్వేద మందుల మీద హెచ్చరిక ముద్రించాలని నిబంధన ఉంది. తిప్పతీగ విషం కాదు కాబట్టి ఆ జాబితాలో లేదు. అయినా ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లకు, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు తెలుగులో ఒక్క వాక్యం సీసా మీద వేయించడం ప్రభుత్వానికి పెద్ద పనేం కాదు.

ఆ అధ్యయనాల్లోని రోగుల్లో చాలామంది తిప్పతీగ ఆపేశాక కోలుకున్నారు. ముందునుంచే కాలేయ జబ్బు ఉన్నవాళ్ల పరిస్థితే విషమించింది. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులోకి మారినా కషాయం ఆ పూటే మానేసి, ఇంట్లో మిగిలిన పొడి పొట్లంతో సహా ఆస్పత్రికి వెళ్లాలి.