తగ్గింపు సరే, ఎందుకు తగ్గించాడట?

2025 జులై చివర్లో ఓ ఆదివారం పొద్దున్నే అక్క ఫోను. మేనకోడలికి విజయవాడలో ఈసీఈ సీటొచ్చిందట. హాస్టలా, తెనాలి నుంచి రోజూ బస్సా అన్న చర్చ అయ్యాక నేను అలవాటుగా, "ఆగస్టులో వస్తున్నాగా, లాప్‌టాప్ నేను తెస్తాలే" అన్నాను. అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత ఫోను బావగారు అందుకున్నారు. "నీకెందుకయ్యా శ్రమ, ఈసారి ఇక్కడే కొంటాంలే" అన్నారు, ఎంతో మర్యాదగా.

ఆ "ఈసారి" అన్న మాట వినగానే నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఎందుకంటారా? క్రితంసారి కథ చెప్పాలి.

2019 థాంక్స్‌గివింగ్ మర్నాడు. చలిలో తెల్లారుజామునే లైన్లో నించుని మేనల్లుడికి ఓ లాప్‌టాప్ కొన్నాను. తళతళలాడే నీలం రంగు, సన్నగా, ముచ్చటగా ఉంది. అసలు ధర మీద గీత కొట్టి పక్కన నూటనలభై డాలర్లు అని రాసుంది. 4 జీబీ రామ్, 64 జీబీ స్టోరేజి. ఆ స్టోరేజి హార్డ్‌డిస్కూ కాదు, ఎస్సెస్‌డీ కూడా కాదు. ఈఎంఎంసీ అంటారు, మన ఫోన్లలో వేసుకునే మెమరీ కార్డుకి అన్నయ్య లాంటిది. మదర్‌బోర్డుకే అతికించేసి ఉంటుంది, తీసి మార్చడానికి ఉండదు. ఇదంతా నాకు తెలీదా? కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసినవాణ్ణి, పొద్దస్తమానం ఇదే పని. అంతా తెలిసే, "కుర్రాడికి ఇది చాల్లే" అనుకున్నాను. అదే సేల్లో నాకోసం కొనుక్కున్నది మాత్రం ఆ ఏడాది కొత్త మోడల్. ఈ వాక్యం రాయడానికి నాకు కాస్త ధైర్యం కావాల్సి వచ్చింది.

తర్వాత 2020 వచ్చింది. కాలేజీలు మూసేశారు, క్లాసులన్నీ ఆన్‌లైన్. ఆ నీలం లాప్‌టాప్‌లో విండోసే సగానికి పైగా జాగా తినేసేది. అప్‌డేట్ దిగుతుంది, విప్పుకోడానికి చోటు చాలదు, వెనక్కి పోతుంది, మర్నాడు మళ్ళీ మొదలు. వీడియో క్లాసు ఒకటి, పక్కన బ్రౌజర్ ఒకటి తెరిస్తే బండి ఆగిపోయేది. వాడు ఆ రెండేళ్ళూ వాళ్ళమ్మ ఫోన్లో క్లాసులు విన్నాడు. నాకెవరూ చెప్పలేదు. ప్రతి ఆదివారం వీడియోలో "లాప్‌టాప్ ఎలా ఉందిరా?" అని అడిగేవాణ్ణి. "బావుంది మావయ్యా" అనేవాడు. 2022 డిసెంబర్లో ఇంటికి వెళ్ళినప్పుడు దుప్పటి కోసం బీరువా తెరిస్తే కింద అరలో కనబడింది, దాని అట్టపెట్టెలో, దాని థర్మోకోల్ ముక్కల మధ్య, భద్రంగా. మావయ్య అమెరికా నుంచి తెచ్చిన వస్తువు కదా, పారెయ్యలేదు.

అందుకని ఈసారి బావగారు వద్దన్నా నేను వదల్లేదు. నాకు ఇది లాప్‌టాప్ సంగతి కాదు, పోయిన పరువు సంగతి.

ఇక్కడ మనవాళ్ళ మధ్య ఓ సిద్ధాంతం ఉంది. ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు చెబుతారు. "కొత్త మోడల్ కొనేవాడు వెర్రివాడండీ, అది రాగానే నిరుటిది తగ్గిస్తారు, అది కొనుక్కోవాలి." దీనికి ఎదురు సిద్ధాంతం కూడా ఉంది. "ఎలాగూ ఐదేళ్ళు వాడేదే కదా, కొత్తదే పడేస్తే పీడా పోతుంది." రెండూ సగమే నిజమని నా అభిప్రాయం. వీళ్ళిద్దరూ ఎంత తగ్గించాడన్నదే చూస్తారు, ఎందుకు తగ్గించాడన్నది చూడరు.

నాకీ పాఠం మొదట చెప్పింది సికింద్రాబాదు. 2006 ఆగస్టులో నేను ఇంజనీరింగులో చేరాను. నాన్న నన్ను వెంటబెట్టుకుని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి తీసుకెళ్ళారు, అసెంబుల్డ్ కంప్యూటర్ కొనడానికి. సరిగ్గా ఆ ముందు నెల్లోనే, 2006 జులై 27న, ఇంటెల్ వాళ్ళు కోర్ 2 డ్యుయో విడుదల చేసి, పెంటియం ధరలు బాగా తగ్గించారు. షాపతను రెండూ చూపించాడు. "ఇది పెంటియం 4, మూడు గిగాహెర్ట్జ్. ఆ కొత్తది ఒకటి పాయింట్ ఎనభయ్యారే. రేటేమో దానికే ఎక్కువ. మూడు పెద్దదా, ఒకటిన్నర పెద్దదా? మీరే చెప్పండి సార్" అన్నాడు. నాన్న లెక్కల మాస్టారు. మూడే పెద్దదని తేల్చారు. మేం ఆనందంగా పెంటియం 4 మోసుకొచ్చాం.

అది కంప్యూటరు కాదు, కుంపటి. వేసవిలో కేబినెట్ పక్కపలక ఊడదీసి, టేబుల్ ఫాను దానివైపు తిప్పి, మేం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. నా రూమ్మేటు కొన్న "ఒకటి పాయింట్ ఎనభయ్యారు" మాత్రం చల్లగా, మాదానికంటే వేగంగా నడిచేది. ఇంటెల్ వాడు ఆ పెంటియంలని ఉదారంగా తగ్గించలేదు. గిగాహెర్ట్జులు పెంచుకుంటూ పోయే ఆ దారి వేడికీ కరెంటుకీ అడ్డం తగిలి మూసుకుపోయింది, వాళ్ళు దారి మార్చుకుంటూ పాత సరుకు వదిలించుకున్నారు. ఆ వదిలించుకున్న సరుకుని మేం నెత్తిన పెట్టుకుని సికింద్రాబాదు నుంచి తెనాలి రైల్లో తెచ్చుకున్నాం.

ఇలాంటిదే 2020లో మళ్ళీ జరిగింది, ఈసారి ఆపిల్ దగ్గర. ఆ మార్చిలో ఇంటెల్ చిప్‌తో మాక్‌బుక్ ఎయిర్ వచ్చింది. నవంబర్లో వాళ్ళ సొంత ఎం1 చిప్‌తో ఇంకో ఎయిర్ వచ్చింది. చూడ్డానికి కవలపిల్లలు. ఎం1 రాగానే దుకాణాల్లో ఇంటెల్‌ది తగ్గించి అమ్మారు, "ఎనిమిది నెలల పాతదే కదా" అని చాలామంది ఎగబడ్డారు. 2025 సెప్టెంబర్లో వచ్చిన మాక్‌ఓఎస్ టహో, ఆ ఇంటెల్ ఎయిర్‌లో ఎక్కదు. ఎం1 ఎయిర్‌లో ఎక్కుతుంది. ఒకే ఏడాది పుట్టిన రెండు మిషన్లు! ఎనిమిది నెలల తేడాకి ఇచ్చిన తగ్గింపు కాదది, ఆయుర్దాయంలో కోత.

అలాగని పాతదంటే భయపడక్కర్లేదు. ఆ ఎం1 ఎయిర్‌నే తీసుకోండి. 2020లో 999 డాలర్లు. ఇక్కడి వాల్‌మార్ట్‌లో 2024 మార్చిలో 699కి పెట్టారు. మూడున్నరేళ్ళ పాత మోడలైనా రాయడానికీ, చదవడానికీ, మామూలు ప్రోగ్రాములకీ అప్పుడు హాయిగా సరిపోయేది. ఎందుకు తగ్గించారు? దాని తర్వాత ఎం2, ఎం3 వచ్చాయి కాబట్టి. దారి అదే, మైలురాళ్ళే మారాయి. ఇలాంటి తగ్గింపు దొరికితే వదులుకోవడం అమాయకత్వం.

కొత్తది ప్రతిదాంట్లోనూ మెరుగనుకోవడం కూడా భ్రమే. 2022లో వచ్చిన ఎం2 ఎయిర్, 256 జీబీ రకంలో స్టోరేజికి ఒకే చిప్ వాడారు. అదే సైజు ఎం1లో రెండు చిప్పులుండేవి. ఫైళ్ళు కాపీ చేస్తుంటే పాతదే ముందుండేది. ఇంకో తమాషా, 2024 అక్టోబర్లో ఆపిల్ వాళ్ళు ధర పెంచకుండానే ఎం2, ఎం3 ఎయిర్లకి కనీస రామ్ 8 నుంచి 16 జీబీ చేశారు. అంటే పెట్టె మీద అదే పేరు, లోపల సగం తేడా. "ఎం2 ఎయిర్ తగ్గింపులో ఉంది, కొననా?" అని ఎవరైనా అడిగితే, ముందు అది ఆ అక్టోబర్‌కి ముందుదా తర్వాతదా చూడమంటాను. ఆ రామ్ మనం తర్వాత పెంచుకోవడానికి కుదరదు, అతికించేసి ఉంటుంది.

విండోస్ వైపు పెద్ద గొయ్యి ఇంకోటుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే, ఒకటీ అరా తప్ప, ఎనిమిదో తరం చిప్ దగ్గర్నుంచే పనికొస్తుంది. కంపెనీలు లీజు తీరాక వదిలించుకునే మంచి మంచి బిజినెస్ లాప్‌టాప్‌లు రిఫర్బిష్డ్ అని తక్కువకి వస్తాయి. నాకు అవంటే ప్రేమ కూడా. గట్టి కీబోర్డు, విప్పడానికి వీలైన అడుగుపలక. కానీ వాటిలో ఏడో తరానివీ ఎనిమిదో తరానివీ ఒకే వరసలో పెట్టి అమ్ముతారు. థింక్‌పాడ్ టీ470, టీ480 పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టం. మొదటిదాంట్లో ఉన్న ఏ చిప్పుకీ విండోస్ 11 అధికారికంగా లేదు, రెండోదాంట్లో ఎనిమిదో తరానిదానికి ఉంది. మొదటిది ఇరవై డాలర్లు తక్కువని కొన్నవాళ్ళు నాకు తెలుసు.

పోయినేటి మోడల్ కొత్త పెట్టె వేరు, ఎవరో కొని తిప్పిచ్చిన ఓపెన్ బాక్స్ వేరు, మూడేళ్ళు ఆఫీసులో నలిగిన రిఫర్బిష్డ్ వేరు. మనం అన్నిటినీ "పాత మోడల్, డిస్కౌంట్" అనేస్తాం. మూడోదైతే బాటరీ సంగతి చూడకుండా కొనకూడదు. విండోస్‌లో బాటరీ రిపోర్టు తీస్తే పుట్టినప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడెంత మిగిలిందో చూపిస్తుంది. సగానికి పడిపోయి ఉంటే కొత్త బాటరీ ఖర్చు ఆ ధరకి కలుపుకోవాలి.

"రామ్ తక్కువదే కొని తర్వాత వేయించుకుంటే పోలా?" అనే సలహా నేనూ చాలామందికి ఇచ్చాను. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ఆకాశానికెక్కడం చూశాక ఆ సలహా ఇవ్వడం మానేశాను.

కొత్త మోడలే కొనాల్సిన వాళ్ళూ ఉన్నారు. లాప్‌టాప్‌లోనే ఏఐ మోడళ్ళు నడిపేవాళ్ళు, వీడియోలు ఎడిట్ చేసి బతికేవాళ్ళు, వాళ్ళకి ఏటా పెరిగే వేగం నిజంగా డబ్బు. నాబోటి కన్సల్టెంటు రోజంతా చేసేది బ్రౌజరు, మెయిలు, ఎక్కడో ఉన్న సర్వర్‌కి కనెక్టవడం. మనకి ఏటేటా కొత్తది కావాలనిపించడం వెనక అవసరం కంటే పక్క క్యూబికల్ పాత్ర ఎక్కువ.

సరే, మేనకోడలి సంగతికొద్దాం. ఈసారి కొనేముందు ఎవర్నీ అడగనిది ఆ పిల్లనే అడిగాను, ఏం చదవబోతున్నావు, సీనియర్లు లాబ్‌లో ఏం వాడుతున్నారు అని. కనుక్కుని రెండ్రోజుల్లో చెప్పింది. అందులో వివాడో ఉంది. అది విండోస్ మీదా లైనక్స్ మీదా నడుస్తుంది, మాక్ మీద నడవదు. అంటే నేను మనసులో అనుకున్న మాక్‌బుక్ అక్కడే కొట్టుకుపోయింది. అడక్కుండా కొనుంటే ఇంకోటి బీరువాలోకి చేరేది.

చివరికి నిరుటి మోడల్ బిజినెస్ లాప్‌టాప్ ఒకటి తీసుకున్నాను, పెట్టె విప్పనిది. 16 జీబీ రామ్, ఇంకో స్లాటు ఖాళీ. ఎస్సెస్‌డీ మార్చుకోవచ్చు. ఎందుకు తగ్గించారో వెతికితే, ఆ ఏడు మోడల్లో చిప్ ఒక మెట్టు పెరిగింది, పైన కెమెరా మారింది, అంతే. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో దాని మోడల్ నంబరుతో సహా కంపెనీ పేజీలో చూసుకున్నాను. కొన్నిటికి చెల్లుతుంది, కొన్నిటికి చెల్లదు. చార్జరు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, గోడకి పెట్టే తీగ మాత్రం మారిస్తే చాలు. కస్టమ్స్ గొడవా లేదు, పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కాకపోతే ఆఫీసుదాన్ని ఇక్కడే వదిలి వెళ్ళాల్సొచ్చింది. ఆ రెండు వారాలూ మా మేనేజరు చేసిన హడావుడి వేరే కథ.

తెనాలిలో పెట్టె విప్పేటప్పుడు బావగారు పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నారు. మేనల్లుడు కూడా ఉన్నాడు, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. "రామ్ ఎంత మావయ్యా?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. నేను చెప్పాను. తర్వాత వాణ్ణి పక్కకి పిలిచి ఆ 2019 సంగతి ఎత్తబోయాను. "ఊరుకో మావయ్యా, ఇప్పుడెందుకవన్నీ" అని తేల్చేశాడు.

బీరువాలోంచి ఆ నీలం లాప్‌టాప్ కూడా బయటికి తీయించాను. ఓ రాత్రి కూర్చుని విండోస్ తీసేసి తేలికరకం లైనక్స్ ఎక్కించాను. నాన్న ఇప్పుడు పొద్దున్నే కాఫీతో దాంట్లో పేపరు చదువుకుంటున్నారు. పెంటియం 4 కంటే చాలా నయంరా, వేడెక్కట్లేదు అన్నారు.

బయల్దేరే రోజు బావగారు ఓ కవరు నా చేతిలో పెట్టారు. లాప్‌టాప్ ఖరీదు, రూపాయల్లో, పైసల్తో సహా లెక్కకట్టి. వద్దన్నాను. అక్క కూడా వద్దంది. ఆయన వినలేదు, నా బాగులో పై అరలో పెట్టి జిప్పు లాగేశారు.