గిటారు కంటే ముందు గోడ చూడండి

కిందటిసారి బేస్ గిటారు నేర్చుకుంటున్నానని ఒక్క వాక్యం రాశానో లేదో, వచ్చిన ప్రశ్నలన్నీ దాని మీదే. "అంత బరువు ఎలా మోస్తున్నావమ్మా?", "ఆరు తీగల గిటారు ఉండగా నాలుగు తీగలది ఎందుకు?", "పిల్లలు పడుకున్నాక వాయిస్తే లేవరా?" డాలస్ నుంచి ఒకావిడ మాత్రం వేరే సంగతి అడిగారు. వాళ్ల గరాజ్‌లో పాత యాంప్ ఒకటి పడి ఉందట, ఇండియాలో ఉన్న చెల్లెలికి పంపితే పనికొస్తుందా అని. ఈ ప్రశ్న సమయానికి నాకు తట్టకపోవడం వల్లే నా నాలుగువందల రియాళ్లు పొగైపోయాయి. మాటవరసకి అనడం లేదండీ, నిజంగానే పొగ.

ముందు ఎందుకు నాలుగు తీగలో చెప్తాను. చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ పల్లవి పాడుతుంటే నేను కింద "డుమ్ డుమ్ డుడుమ్" అంటూ ఇంకేదో పాడేదాన్నట. అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. 'గీతాంజలి' (1989), 'జగదేక వీరుడు అతిలోక సుందరి' (1990) పాటలు ఒక్కసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పాట కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. ఫోను స్పీకర్లో అది వినపడదు. బేస్ మీద అన్నిటికంటే లావు తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది. ఫోనులో ఉన్న ఆ బుల్లి స్పీకరు అంత కిందకి దిగలేదు పాపం.

పెళ్లయి ఇక్కడ జుబైల్ వచ్చాక, పిల్లవాడు స్కూలుకి వెళ్లాక మధ్యాహ్నం రెండు గంటలు నావి అయ్యాయి. బీఎస్సీలో ఎలక్ట్రానిక్స్ చదివినందుకు ఇన్నాళ్లకి ఏదైనా పనికొస్తుందేమో అన్న ఆశ కూడా ఉంది. సౌదీలో ఆడవాళ్లు, గిటార్లు ఏమిటి అనుకోకండి. జెద్దాలో 2008లోనే కాలేజీ అమ్మాయిలు 'ది అకోలేడ్' అని రాక్ బృందం కట్టారు. బయట వాయించే వీలు లేక ఇంట్లోనే సాధన చేసుకునేవారు. ఇప్పుడు రియాద్‌లో 'సీరా' అనే బృందం ఉంది, అందరూ అమ్మాయిలే, స్టేజీ ఎక్కి వాయిస్తున్నారు. నా స్టేజీ ఇస్త్రీ బల్ల పక్కన ఉన్న కుర్చీ. అంతే తేడా.

గిటారు ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు తీగ పొడవు 34 అంగుళాలు పెట్టారు, ఇప్పటికీ చాలావాటికి అదే కొలత. అల్ ఖోబర్ వెళ్లి ఒకటి ఒళ్లో పెట్టుకుని చూశాను. మొదటి మెట్టు మీద వేళ్లు సాచేసరికి మణికట్టు లాగేసింది. 30 అంగుళాలవి కూడా ఉంటాయి, వాటిని షార్ట్ స్కేల్ అంటారు. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ వాయించిన హోఫ్నర్ ఆ కొలతే, కాబట్టి పిల్లల బొమ్మ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మీ చెయ్యి చిన్నదైతే మొహమాటపడకుండా అదే తీసుకోండి. నేను వాడింది, ఆరువందల రియాళ్లకి తీసుకున్నాను. మెడ వంగిందా, పిన్ను దూర్చే చోట గరగర వస్తోందా చూసుకుంటే చాలు, గీతలు పడితే పడనీ.

ఇక యాంప్. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక కుటుంబం సామానంతా అమ్మేస్తుంటే, అందులో దొరికింది. ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో ఉన్నారు, నేనూ బేరం కుదిరిన సంబరంలో ఉన్నాను. త్రాడు చివర చదును పిన్నుల ప్లగ్గు, దానికి అప్పటికే మూడు పిన్నుల అడాప్టర్ తగిలించి ఉంది. అంటే ఇక్కడి సాకెట్లోనే వాడుతున్నారన్నమాట అనుకున్నాను. ఇంటికి తెచ్చి, గిటారు మెళ్లో వేసుకుని, కుడిచెయ్యి తీగల మీద పెట్టి, ఎడమకాలి బొటనవేలితో స్విచ్ నొక్కాను. ఫట్‌మంది. చేప మాడిన వాసన. వెనక జల్లెడలోంచి సన్నగా పొగ.

పెట్టె వెనక్కి తిప్పితే, చిన్న అక్షరాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. నేను పెట్టింది 220లో. కాలేజీలో ట్రాన్స్‌ఫార్మర్ ప్రశ్న వస్తే పదికి పది తెచ్చుకునేదాన్ని!

ఇది సౌదీలో పాత ఇళ్లలో ఉండేవాళ్లకి బాగా తెలిసిన తంటా. ఇక్కడ చాలాకాలం ఇళ్లకి 127 వోల్టుల కరెంటు వచ్చేది, ఏసీల్లాంటి వాటికి 220. అందుకే ఒకే గదిలో రెండు రకాల సాకెట్లు కనిపిస్తాయి. 2010లో మంత్రివర్గం 230 వోల్టులకి మారాలని నిర్ణయించింది, విడతలవారీగా మారుస్తున్నారు. కొత్త భవనాల్లో ఈ గొడవ లేదు, మా భవనం కొత్తది కాదు. ఇంకో విషయం. ఆ పాత పద్ధతిలో 220 అనేది ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేశాను. 127ని మూడు వర్గమూలం, అంటే 1.732తో గుణించండి, 220 వస్తుంది. అంటే అది రెండు ఫేజుల మధ్య ఉన్న వోల్టేజీ. మన ఊళ్లో ఒక పిన్ను ఫేజు, ఒకటి న్యూట్రల్ కదా, ఇక్కడ ఆ పాత 220 సాకెట్లో రెండు పిన్నులూ ఫేజే. స్విచ్ ఒక్క తీగనే కట్ చేసే రకం అయితే, ఆపేశాక కూడా రెండో పిన్నులో కరెంటు ఉంటుంది. స్విచ్ ఆపాను కదా అని ఏ వస్తువూ విప్పకండి, ప్లగ్గు పీకేయండి. పీకాక కూడా యాంప్ లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది, కాబట్టి వెనక రేకు విప్పే పని మెకానిక్‌కి వదిలేయండి.

మెకానిక్ చూసి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, మళ్లీ చుట్టించే ఖర్చుతో ఇంకో యాంప్ వస్తుంది అన్నాడు. సాయంత్రం మావారు వచ్చి వాసన పీల్చి, "చేపలు వండావా?" అన్నారు. అవునన్నాను. భోజనానికి కూర్చుని పప్పు చూశాక నిజం చెప్పక తప్పలేదు.

డబ్బు పోయిందన్న బాధ వారంలో తగ్గింది. రెండోది మాత్రం తగ్గలేదు. ఆ అడాప్టర్ విప్పి చూస్తే, అమెరికా ప్లగ్గులోని గుండ్రటి ఎర్త్ పిన్ను దూరడానికి కంత ఉంది గానీ, దాని లోపల రేకే లేదు. అంటే ఎర్త్ లేదు. గిటారు తీగలు ఎక్కడికి కలుస్తాయో తెలుసా? తీగలు బ్రిడ్జికి, బ్రిడ్జి నుంచి లోపల ఒక వైరు, అది కేబుల్ పైపొరకి, అది యాంప్ రేకు పెట్టెకి, ఆ పెట్టె ఎర్త్‌కి. ఆ రోజు లోపల మాడిన వైరు ఏదైనా రేకుకి తగిలి ఉంటే ఎర్త్‌కి పోవాల్సిన కరెంటుకి దారి నా కుడిచెయ్యే. 1972లో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వే వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీదే, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయారు. ఆ మర్నాడు ఇంట్లో ఉన్న అడాప్టర్లన్నీ బల్ల మీద పోసి మల్టీమీటర్‌తో ఒక్కోటీ చూశాను. ఆరింట్లో మూడు చెత్తబుట్టలోకి పోయాయి. మీరూ చూడండి, మిక్సీకి వాడేది కూడా.

రెండో యాంప్ కొత్తదే కొన్నాను, ఇరవై వాట్లది, వెనక "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని రాసి ఉన్నది. ఈ ముద్ర ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా సరైన ప్లగ్గు పెడితే చాలు. మన లాంటి కాందిశీకులకి ఇదే మంచిది. నాలుగేళ్ల తర్వాత ఎక్కడుంటామో మనకే తెలియదు. వాట్ల మోజులో పడకండి. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది మూడు డెసిబెల్సే, చెవికి కాస్త పెరిగినట్టు అనిపిస్తుందంతే.

డాలస్ అక్కయ్యకి జవాబు ఇక్కడ చెప్పేస్తాను. మీ యాంప్ వెనక 120 మాత్రమే ఉంటే ఇండియాలో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, యాంప్ కరెంటు నుంచి లాగే వాట్లకి (శబ్దం వాట్లకి కాదు) కనీసం ఒకటిన్నర రెట్లు ఉన్నది, ఎర్త్ పిన్ను ఉన్నది. అప్పుడూ ఒక చిక్కుంది. ఆ పెట్టె వోల్టులు తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. అమెరికాలో 60, ఇండియాలో 50. 60కే తయారైన ట్రాన్స్‌ఫార్మర్ని 50 మీద నడిపితే దాని ఇనుములో అయస్కాంతం ఎక్కువై వేడెక్కుతుంది. వెనక 50/60 అని ఉంటే పంపండి. ఒట్టి 60 అని ఉంటే గరాజ్‌లోనే ఉండనివ్వండి. ఇండియాది ఇక్కడికి తెస్తే మాత్రం ఈ బాధ లేదు, 50ది 60 మీద హాయిగా నడుస్తుంది, 220 సాకెట్లో పెడితే సరి.

కొత్త యాంప్ వచ్చాక "మ్‌మ్‌మ్" అని ఒక మూలుగు మొదలైంది. తెలిసినవాళ్లబ్బాయి ఒకడు, గిటారు బాగా వాయిస్తాడు, "ఆంటీ, ఎర్త్ పిన్నుకి టేపు చుట్టేయండి, మూలుగు పోతుంది" అన్నాడు. కొన్ని రకాల మూలుగు అలా పోతుంది, నిజమే. నేను మాత్రం వాడికి ఇంకో కప్పు టీ ఇచ్చి, పై కథంతా చెప్పి పంపాను. ఆ మూలుగుకి వేరే మందుంది. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కదా, బేస్ మీద ఏ తీగ మొదటి మెట్టుకీ రెండో మెట్టుకీ మధ్య పడుతుందది, ఏ స్వరమూ కాకుండా. మన ఊళ్లో అయితే 50, దాదాపు జీ స్వరం, శ్రుతిలోనైనా ఉండేది! నా గిటారుకి రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు. రెండింటి వాల్యూమూ పూర్తిగా పెడితే ఒకదాని మూలుగుని ఒకటి కొట్టేసుకుంటాయి, ఒకటి తగ్గిస్తే మళ్లీ మొదలు. (ప్రెసిషన్ బేస్‌కి 1957లో రెండు ముక్కల పికప్ పెట్టి ఈ గొడవే లేకుండా చేశారు. కొనేముందు తెలిసుంటే బాగుండేది.)

రాగి టేపు ఒక చుట్ట తెప్పించి, లోపలి గుంటలన్నిటికీ, వెనక మూతకీ అంటించాను. ముక్కల మధ్య జిగురు అడ్డుపడి కరెంటు పారకపోవచ్చు, అందుకని ప్రతి అతుకు మీదా సీసం చుక్క వేసి, దాన్నంతా గ్రౌండుకి కలిపాను. సోల్డరింగ్ ఐరన్ పదేళ్ల తర్వాత పట్టుకున్నాను, చెయ్యి మర్చిపోలేదు. మూలుగు బాగా తగ్గింది. ఎల్ఈడీ లైటు డిమ్మర్ ఆపేస్తే ఇంకా తగ్గింది, అది ఎవరూ చెప్పలేదు, పిల్లవాడు ఆడుకుంటూ ఆపితే తెలిసింది.

నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే మంచిదానికి మాత్రం ఒక్క రియాలు కూడా కాలేదు. గిన్నెలు తోమే స్పాంజి కొత్తది తీసి, పచ్చపీచు కోసేసి, మెత్తటి ముక్కని బ్రిడ్జి దగ్గర తీగల కింద దూర్చాను. శబ్దం సాగకుండా "డుమ్" అని ఆగిపోతుంది, పాత పాటల్లో లాగా. మోటౌన్ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ బేస్‌లో బ్రిడ్జి మూత కింద స్పాంజే ఉండేది. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వాయించిన కేరల్ కే తీగల మీద ఫెల్ట్ ముక్క పెట్టుకునేవారు. ఆవిడ 1963లో ఒక రికార్డింగుకి బేస్ వాయించేవాళ్లు రాకపోతే గిటారు పక్కన పెట్టి బేస్ అందుకున్నారు. అప్పటికే పిల్లల తల్లి.

ఇక పెడల్స్ జోలికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. వాటికి 9 వోల్టుల అడాప్టర్, చాలావాటికి మధ్యలో నెగెటివ్. మా వాడి కీబోర్డు అడాప్టర్ 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్, కానీ పిన్ను సరిగ్గా దూరుతుంది. దూరింది కదా అని పెట్టేయకండి. నాకు ఒకసారి అయింది చాలు. లోపల బ్యాటరీ ఉండే యాక్టివ్ బేస్ అయితే, వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలి, ఎందుకంటే కేబుల్ దూర్చడమే దాని స్విచ్. ఒక మిల్లీ ఆంపియరు తాగే బేస్ అయినా, పీకకుండా వదిలేస్తే మూడు వారాల్లో బ్యాటరీ ఖాళీ.

పిల్లలు లేవరా అని అడిగారు కదా. పిల్లలు లేవలేదు గానీ కింద ఫ్లాట్ ఈజిప్టు ఆవిడ పైకొచ్చింది. "యా ఉఖ్తీ, మా అల్మారాలో టీ గ్లాసులు వాటంతట అవే మోగుతున్నాయి" అంది భయంగా. తెచ్చి చూపించాను. ఆవిడ లావు తీగ ఒకటి మీటి, యాంప్ మీద చెయ్యి వేసి చాలాసేపు నవ్వింది. అప్పట్నుంచి యాంప్ కింద పాత పరుపు ముక్క వేశాను, అజాన్ వినపడగానే ఆపేస్తాను, రాత్రిపూట హెడ్‌ఫోన్సే.

వచ్చే నెల సెలవులకి ఊరెళ్తున్నాం. గిటారు తీగలు కాస్త వదులు చేసి పెట్టెలో సర్దాను. ఛార్జింగ్ బ్యాటరీ ఉన్న హెడ్‌ఫోన్ యాంప్ చేతి బ్యాగులోకి, లిథియం బ్యాటరీ ఉన్నవి మనతోనే ఉంచుకోవడం మంచిది. కాలిపోయిన యాంప్ ఇంకా ఇంట్లోనే ఉంది. దాని స్పీకరు బాగానే ఉంది, తిరిగొచ్చాక ఏదో ఒకటి చెయ్యాలి. ప్రస్తుతానికి మా వాడు దాని మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటున్నాడు.