ఇంటా బయటా: సామూ, తుపాకీ

ఈమధ్య మన సభ్యుల ఇళ్లలో ఒక చర్చ తరచుగా వినవస్తున్నది. పెద్ద పట్టణాలలో కొన్నిచోట్ల కరాటే, జూడో వంటి విద్యలతోబాటు పిస్తోలు పట్టడంకూడా కలిపి ఆత్మరక్షణ పాఠాలుగా చెబుతున్నారట. మన పిల్లలకూ అటువంటిది ఉంటే బాగుండునని కొందరు; ఇంట్లో తుపాకి మాటే ఎత్తవద్దని కొందరు. సిరుగుప్ప ప్రాంతంలో కాలవల వెంబడి క్యాంపులలో కాపురముండేవారికి ఇది పొద్దుపోని ప్రసంగం కాదు. వడ్లు అమ్మిన రొక్కం ఇంట ఉన్న రాత్రి, మగవాళ్లు ఊళ్లో లేనప్పుడు, పక్కయిల్లు కూతవేటుకు అందనప్పుడు, కుక్క మొరిగితే గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఆ ఇళ్ల ఆడవారిని అడిగితే చెబుతారు. కనుక ఈ నెల దీనిని గురించే నాలుగు మాటలు ముచ్చటించుకుందాము.

ఒంటిసామునూ తుపాకినీ జత చేయడం ఇప్పుడు పుట్టిన ఆలోచన కాదు. 2021 వరకు మన జిల్లాలోనే ఉండిన హంపికి శ్రీకృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు రాయలవారి దినచర్య వ్రాసిపెట్టినాడు. తెల్లవారకముందే లేచి నువ్వులనూనె త్రాగి, ఒళ్లంతా నూనె పట్టించుకొని, బరువులు ఎత్తి, త్రాగిన నూనె చెమటగా కారేదాకా కత్తిసాము చేసి, ఒక జెట్టితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కి పొద్దుపొడిచేదాకా స్వారి చేసేవాడట. (చెంచాడు ఆముదానికి ఇల్లు పీకి పందిరి వేసే మన పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి!) ఆ రాయలవారే 1520లో రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, పోర్చుగీసు తుపాకివాళ్లు కొందరు ఆయన పక్షాన నిలిచి, గోడమీద తల ఎత్తిన వాడినల్లా కొట్టగా, క్రింద గోడ త్రవ్వేవాళ్లకు పని సుగమమైనదని నూనిజ్ అనే మరొకడు వ్రాసినాడు. మల్లయుద్ధం తెలిసిన రాజు తుపాకిని చిన్నచూపు చూడలేదు. తుపాకి వచ్చినది గదా అని సాము మానినవాడూ కాదు.

తరువాతి కథ మనకు తెలిసినదే. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తం చేసినాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో దొర, అతనికి తోడు వచ్చిన కుంఫిణీ సైన్యమూ పాళెగాళ్ల బలాన్ని అణచి, వారి బంట్ల చేతులలోని ఆయుధాలను ఊడబెరికినారు. 1878లో ఆయుధాల చట్టం వచ్చి, సామాన్యుడు లైసెన్సు లేక తుపాకి ముట్టరాదన్నది. స్వాతంత్ర్యం వస్తే ఆ కట్టు సడలుతుందని చాలామంది ఆశించినారు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కునుకూడా పౌరుని హక్కులలో చేర్చినారు. రాజ్యాంగంలో మాత్రం అది చేరలేదు. 1959లో చేసి 1962లో అమలుకు తెచ్చిన మన ఆయుధాల చట్టమే నేటికీ నడుస్తున్నది. మన రాష్ట్రంలోనే కొడగువారికి ఆ లైసెన్సు నుంచి మినహాయింపు ఉన్నది. వారు కైల్‌పొళ్ద్ పండుగనాడు తుపాకులకు పూజ చేస్తారు. అది వారి ఇంటి ఆచారం. మనకు లేదు, లేదని చింతా అక్కరలేదు.

తుపాకి పోయినా తాలింఖానా మిగిలినది. ఎర్రమన్ను జల్లించి, నూనె పోసి కలిపి మెత్తన చేసిన గోదా, ఒక మూల ఆంజనేయుని పటం, గోడకు ఆనించిన లోడులు, తెల్లవారుజామున దండీలు, బస్కీలు, పీర్లపండుగకు వీధిలో కర్రసాము. హిందువులూ ముసల్మానులూ ఒకే ఉస్తాదు కాళ్లకు మ్రొక్కి అక్కడ దిగేవారు. బళ్లారి, హోసపేట, ఆదోని, రాయదుర్గం ఏ ఊళ్లోనైనా పాత పేటలలో దాని గుర్తులు కనబడతాయి. అక్కడ మొదట నేర్పేది పట్టు కాదు, పడటం. క్రింద పడినవాడు దెబ్బ తగలకుండా ఎట్లా దొర్లి లేవవలెనో తెలిసిన తరువాతనే ఎదుటివాడి మెడమీద చేయి వేయనిచ్చేవారు. ఆత్మరక్షణ పేరిట పది రోజుల తరగతులు పెట్టేవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే బాగుండునని మాకు తోస్తుంది.

ఇక తుపాకినీ చేతిసామునూ కలిపి శాస్త్రంగా ఒక పద్ధతి ఏర్పరచినది షాంఘై నగర పోలీసులు. అక్కడ ఫెయిర్‌బెయిర్న్ అనే ఇంగ్లీషు అధికారి జపాను జుజుత్సు మొదలైనవి అభ్యసించి, 1926లో చేతిసాము మీద ఒక పుస్తకమూ, 1942లో సైక్స్ అనే సహచరునితో కలిసి పిస్తోలు వాడకం మీద మరొక పుస్తకమూ ప్రకటించినాడు. వందలకొద్దీ కాల్పులను పరిశీలించి వారు తేల్చినది ఏమంటే: నిజమైన కాల్పులు చాలామట్టుకు నాలుగైదు గజాల దూరంలో, మసక వెలుతురులో, క్షణాలలో జరిగిపోతాయి, మైదానంలో నిలబడి, ఊపిరి బిగబట్టి, గురి చూసి కాల్చే అలవాటు అక్కడ అంతగా అక్కరకు రాదు. 1983లో అమెరికాలో టుయెలర్ అనే పోలీసు శిక్షకుడు మరొకటి లెక్క కట్టి చూపినాడు. కత్తి పట్టినవాడు ఏడు గజాలు పరుగెత్తి మీద పడటానికి రమారమి ఒకటిన్నర సెకను చాలునట. ఒరలోని పిస్తోలు తీసి కాల్చడానికి, నేర్చిన పోలీసుకైనా, అంతే పడుతుంది. ఇక బీరువాలో తాళం వేసిన జోడుతుపాకి మాట చెప్పేదేమున్నది? తాళంచెవి వెదికేసరికే ఆ ఒకటిన్నర సెకను ఎన్నిసార్లు గడిచిపోతుందో!

కాబట్టి ప్రక్కకు తప్పుకోవడం, చేయి విడిపించుకోవడం, కేకవేయడం, తలుపు గడియ వేసి 112కు ఫోను చేయడం, ఇవి ముందు. తుపాకి ఉన్నవారికికూడా ఇవే ముందు.

తుపాకి చేతిలో ఉన్నంతమాత్రాన అది మనదే అయి ఉంటుందన్న పూచీ లేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు మూడింటినీ వరుసగా మూడు రోజులలో పట్టి 26 తుపాకులు, రెండున్నరవేలకు పైగా తూటాలు తీసుకొనిపోయినారు. ఆయన మనకు ఆరాధ్యుడు. అయినా ఒక్కసారి ఆ ఠాణాలో కూర్చున్న జవాను పక్కనుంచి చూడండి. గోడకు తుపాకి ఉన్నది, తూటా ఉన్నది, నిలుపుకొనే సత్తువ లేదు. పోలీసు శిక్షణలో నడుముకున్న పిస్తోలును ఇతరులు గుంజుకోకుండా కాపాడుకోవడం ఒక ప్రత్యేక పాఠం కావడానికి కారణం ఇదే. చేతిసాము తుపాకికి నిజంగా తోడయ్యేది అక్కడనే.

మరి చట్టమేమంటుంది? 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఉన్నది. చంపుతాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో, మానభంగం చేస్తాడనో, ఆసిడ్ పోస్తాడనో న్యాయమైన భయం కలిగినప్పుడు ఎదుటివాని ప్రాణం తీయవలసి వచ్చినా చట్టం తప్పు పట్టదు. కాని అవసరానికి మించి హాని చేయరాదు. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. గోడ దూకి పారిపోతున్నవాని వీపుమీద కాల్చినవారు ఆత్మరక్షణ అని చెప్పుకొని గట్టెక్కడం కష్టం. మన ఇళ్లలో దీనిని విడమరచి చెప్పేవారు తక్కువ. పెళ్లి ఊరేగింపులలో గాలిలోకి కాల్చే సరదా ఉన్నవారికి ఇంకొక మాట: 2019 సవరణ ప్రకారం దానివల్ల ఇతరులకు అపాయం కలిగితే రెండేళ్ల ఖైదు గాని, లక్ష రూపాయల జుల్మానా గాని, లేదా రెండూ గాని పడవచ్చు.

లైసెన్సుకు ఇరవై యొక్క ఏండ్లు నిండవలెను. తుపాకిని జాగ్రత్తగా పట్టడం, దాచడం, దానికి సంబంధించిన చట్టం తెలుసుకోవడం గురించిన శిక్షణను 2016 నిబంధనలు విధించినవి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలను ఠాణాలో జమ కట్టమని ఉత్తరువు వస్తుంది. ఆ దినాలలో మన ఇంటిని కాపాడేది ఏమిటన్న ప్రశ్న క్యాంపులవారు అడుగుతూనే ఉంటారు. మా జవాబు మారదు. మంచి కుక్క, గట్టి గడియ, ఇరుగుపొరుగుతో సఖ్యత, ఇంటిల్లిపాదికీ కొంత సాము. తుపాకి ఉండి తీరవలెనంటే, ఇంట్లో పెద్దవారందరూ దాని సంగతి ఎరిగి ఉండవలెను. తూటా వేరు చోట, తుపాకి వేరు చోట. అమెరికాలో తుపాకి చావులలో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఎవరైనా మనసు చెడి మౌనంగా తిరుగుతున్నట్లయితే మొట్టమొదట బయటికి పంపవలసినది ఆ తుపాకిని. ఇది చెప్పడానికి మాకు సంకోచంగానే ఉన్నది, అయినా చెప్పక తప్పదు.

తుపాకి కాల్చాలన్న ఉబలాటం ఉన్న కాలేజీ పిల్లలను ఎన్.సి.సి.లో చేర్చండి. 1948లో అది ఏర్పడిన మరుసటి ఏటనే ఆడపిల్లల శాఖకూడా వచ్చినది. అక్కడ రైఫిలు ముట్టేముందు దానిని ఎట్లా పట్టవలెనో, ఎవరివైపు త్రిప్పరాదో నేర్పుతారు. కవాతూ, ఒళ్లు వంగడమూ వెంట వస్తాయి. ఆడపిల్లకు సాము నేర్పితే పెండ్లి కుదరదని ఇంకా అనేవారు మనలో ఉన్నారు. చేతికి బలమున్న పిల్లను కాదన్న సంబంధం తప్పిపోవడమే మేలని మా అభిప్రాయం; కోపగించుకొనేవారు కోపగించుకోవచ్చు.

కడపటి మాట పాత ఇళ్లవారికి. తాతగారి జోడుతుపాకి అటకమీదనో, బీరువాలోనో ఉన్న కుటుంబాలు మన జాబితాలో కొద్దిగా ఉన్నవి. లైసెన్సు తాతగారి పేరిట. ఆయన కాలధర్మం చెంది ఏండ్లు గడచినవి. జ్ఞాపకార్థం ఉంచుకున్నామంటే చట్టం ఒప్పదు. లైసెన్సు లేని తుపాకిని ఆలస్యం చేయకుండా ఠాణాలోగాని, లైసెన్సుగల దుకాణదారువద్దగాని జమకట్టి రసీదు పుచ్చుకోవలెను. వారసులు కావాలనుకుంటే జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చిన లైసెన్సు ఇప్పుడు అయిదేండ్లు చెల్లుతుంది. జమకట్టడానికి పోయేముందు గొట్టంలో తూటా ఏమైనా మిగిలి ఉన్నదేమో తెలిసినవారిచేత చూపించండి. పిల్లలను మాత్రం ఆ గదిలోకి రానీయకండి.