బ్రూజ్‌లో వోచర్ లేని పద్దు

మా అమ్మాయి, అల్లుడు బ్రస్సెల్స్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. పోయిన వేసవిలో వాళ్ల దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాను. మనవడికి 11 ఏళ్లు, మనవరాలికి 7. ఒక శనివారం అందరం కలిసి రైలెక్కి బ్రూజ్ అనే ఊరికి వెళ్లాం. గంట ప్రయాణం. ఇది యాత్రా కథనం కాదు కాబట్టి కాలవల మీద పడవలు, చాక్లెట్ దుకాణాలు, గుర్రపు బగ్గీల గురించి రాయను. అవన్నీ ఉన్నాయి, బాగున్నాయి. నేను రాయదలుచుకున్నది ఆ ఊళ్లో పిల్లలు అడిగిన రెండు ప్రశ్నల గురించి.

బ్రూజ్ పాత పట్టణం చిన్నది. చివరి నుంచి చివరి దాకా నడిచేయవచ్చు. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకప్పుడు యూరప్ వ్యాపారానికి పెద్ద కేంద్రం. వాన్ డెర్ బ్యూర్జ్ అనే కుటుంబం నడిపిన సత్రం ముందు వ్యాపారులు చేరి హుండీలు మార్చుకునేవారట. స్టాక్ ఎక్స్ఛేంజికి ‘బోర్స్’ అన్న పేరు ఆ ఇంటి పేరు నుంచే వచ్చిందంటారు. బి.కాం. చదివిన నాలాంటివాడికి అది పుణ్యక్షేత్రమే అనుకోండి!

ముందు గంటస్తంభం ఎక్కారు. 83 మీటర్ల ఎత్తు, 366 మెట్లు. నా మోకాళ్లు ఒప్పుకోలేదు, నేను కింద కూర్చున్నాను. మావాడు ఎక్కేటప్పుడు లెక్కపెడితే 364 వచ్చాయట. “తప్పు రాశారు తాతయ్యా” అందామని దిగుతూ మళ్లీ లెక్కపెట్టాడు. 366 వచ్చాయి. “నేనే రెండు వదిలేశాను” అని చెప్పాడు. రక్షణ ఖాతాల శాఖలో 36 ఏళ్లు పనిచేసినవాడిని, నాకు అంతకంటే ఏం కావాలి? పుస్తకంలో ఉన్నదాన్ని అనుమానించడం ఎంత అవసరమో, తన లెక్కను తాను అనుమానించడమూ అంతే అవసరం.

అక్కణ్నుంచి బుర్గ్ అనే చౌక్‌కి వెళ్లాం. మూలన ఒక చిన్న చర్చి. పేరు పవిత్ర రక్తం బసిలికా. ఏసుక్రీస్తు రక్తం అంటిన గుడ్డపీలిక ఒక గాజు గొట్టంలో ఉందని నమ్మకం. రోజూ కొంతసేపు దాన్ని భక్తుల ముందు పెడతారు. వరసగా మెట్లెక్కి, గొట్టం మీద చెయ్యి పెట్టి ఒక క్షణం ప్రార్థించి దిగుతారు. పక్కన కూర్చున్నాయన ప్రతిసారీ గుడ్డతో గాజు తుడుస్తుంటాడు. ఏటా ఆరోహణ పండుగనాడు ఊరేగింపు జరుపుతారు. ఆ ఊరేగింపును కూడా 2009లో యునెస్కో జాబితాకెక్కించింది.

మేమూ చూశాం. బయటికి రాగానే చిన్నది అడిగింది. “తాతయ్యా, అది నిజంగా రక్తమేనా?”

మా అమ్మాయి నావైపు చూసింది. ఆ చూపు అర్థం నాకు తెలుసు. నేను హేతువాద సంఘంలో సభ్యుణ్నని, నోరు ఊరుకోదని దాని భయం. “ఉపన్యాసం వద్దు నాన్నా” అంది మెల్లిగా.

ఉపన్యాసం ఇవ్వలేదు. మా ఆఫీసులో బిల్లు వస్తే ఏం చేసేవాళ్లమో చెప్పాను. ఒక యూనిట్ వాళ్లు వెయ్యి కంబళ్లు కొన్నామని బిల్లు పెడతారు. వాళ్లు అబద్ధం ఆడుతున్నారని మేం అనుకోం. నిజమే చెబుతున్నారని కూడా అనుకోం. వోచర్ చూపించమంటాం. సరుకు ఎప్పుడు వచ్చింది, ఎవరు దించుకున్నారు, స్టాకు రిజిస్టరులో ఎక్కడ ఎక్కింది? కాగితం లేకపోతే హాఫ్ మార్జిన్ రాసి వెనక్కి పంపిస్తాం.

“ఇప్పుడు ఈ రక్తం పద్దు చూద్దాం” అన్నాను. ఫ్లాండర్స్ ప్రభువు థియరీ దీన్ని 1150లో రెండో క్రూసేడు నుంచి తెచ్చాడని కథ. బ్రూజ్‌లో ఇది ఉన్నట్టు రాతలో దొరికే మొదటి ఆధారం 1256 నాటిది. అంటే సరుకు వచ్చిందన్న తేదీకి, రిజిస్టరులో ఎక్కిన తేదీకి 106 ఏళ్ల తేడా. ఆ గొట్టం స్ఫటికంతో చేసిన అత్తరు సీసా అనీ, 11 లేక 12వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ ప్రాంతంలో తయారైనదనీ పరిశీలించినవాళ్లు తేల్చారు. 1204లో క్రూసేడు సైన్యం ఆ నగరాన్ని కొల్లగొట్టింది. అప్పుడు అక్కడ గద్దెనెక్కింది ఫ్లాండర్స్ ప్రభువే. ఈ సీసా ఆ దోపిడీ సొత్తులోది అయి ఉంటుందని చరిత్రకారులు అనుకుంటారు. ఇక 1150 కథే నిజమనుకున్నా, అంతకు ముందు 1100 ఏళ్లకు పైగా ఆ గుడ్డ ఎవరి దగ్గర ఉందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

“అయితే అబద్ధమా?” అంది చిన్నది.

“పద్దు పాస్ కాదు. అంతే” అన్నాను.

ఇక్కడిదాకా సులువే. పరాయి దేశంలో, పరాయి మతం వాళ్ల అవశేషానికి వోచర్ అడగడానికి ధైర్యం అక్కర్లేదు. కాండీలో బుద్ధుడి దంతం, హజ్రత్‌బల్‌లో ప్రవక్త కేశం, గోవాలో జేవియర్ శరీరం, మన గుళ్లలో రాళ్ల మీద దేవుడి పాదముద్రలు. మన ప్రాంతంలోనూ తక్కువేం లేవు. మన వాట్సాప్ గ్రూపుల్లో చూడండి. ఎదుటి మతం మహిమల మీద జోకులు వేసేవాళ్లందరూ తామే హేతువాదులం అనుకుంటారు. అసలు పరీక్ష సొంత ఇంటి పద్దు బల్ల మీదికి వచ్చినప్పుడు.

మాకు అది పది నిమిషాల్లోనే వచ్చింది.

బుర్గ్ నుంచి కొద్ది దూరం నడిస్తే సైమన్ స్టెవిన్ పేరుతో ఇంకో చిన్న చౌక్, మధ్యలో ఆయన విగ్రహం. అక్కడ బెంచీ మీద కూర్చుని పిల్లలు బంగాళాదుంప వేపుళ్లు తింటున్నారు. పెద్దవాడు ఉన్నట్టుండి చొక్కా కింద మొలతాడు తడుముకుని, “తాతయ్యా, దీనికి వోచర్ ఉందా?” అన్నాడు.

వాడి మొలకు వెండి తాయెత్తు ఉంది. వాడికి రెండేళ్లప్పుడు జ్వరం వచ్చి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు వాళ్లు హైదరాబాద్‌లో ఉండేవారు. ఆసుపత్రిలో వైద్యం జరిగింది. ఆ తర్వాత ఎవరో చెబితే మా అమ్మాయి ఒక బాబా దగ్గర తాయెత్తు కట్టించింది. మళ్లీ ఫిట్స్ రాలేదు. దాని గురించి నేను ఒకసారి గట్టిగా మాట్లాడితే మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అప్పటినుంచి ఆ ప్రసక్తి మా ఇంట్లో లేదు. సభల్లో తాయెత్తుల మీద ఎన్నోసార్లు మాట్లాడాను, మనవడి మొల తాడు మాత్రం తొమ్మిదేళ్లుగా చూడనట్టే ఉన్నాను.

అమ్మాయి ముఖం మారిపోయింది. “ఆ రాత్రి నువ్వు లేవు నాన్నా” అంది. అంతే అంది.

నిజమే. నేను ఆ రాత్రి సికింద్రాబాద్‌లో నిద్రపోతున్నాను. కళ్లు తేలేసిన బిడ్డను ఎత్తుకుని ఆటో కోసం పరుగెత్తింది తను.

వాడితో ఇలా అన్నాను. “నీకు జబ్బు చేసింది, అది నిజం. మీ అమ్మ చాలా భయపడింది, అదీ నిజం. నీకు తగ్గింది, అదీ నిజమే. దేనివల్ల తగ్గిందన్నది నాలుగో ప్రశ్న. దానికి నా మాట, మీ అమ్మ మాట పనికిరావు. కాగితం చూడాలి.”

ఆ రాత్రి ఇంటికొచ్చాక వాడే అడిగాడు. నేను ఊహించనిది, మా అమ్మాయి బీరువాలోంచి పాత ఆసుపత్రి ఫైలు తీసి వాడి ముందు పెట్టింది. చిన్నపిల్లలకు జ్వరంతో వచ్చే ఇలాంటి ఫిట్స్ ఎక్కువమందికి ఐదారేళ్లకల్లా వాటంతట అవే ఆగిపోతాయని డాక్టరు అప్పుడే చెప్పాడనీ, తనకు ఆ మాట తలకెక్కలేదనీ వాడికి చెప్పింది. తాయెత్తు ఇంకా వాడి మొలకే ఉంది. తీయమని నేను అనలేదు. వద్దని వాళ్లమ్మా అనలేదు. అది వాడి నిర్ణయం.

ఇది రాజీ అని మన మిత్రులు కొందరు అంటారని తెలుసు. ఆ మాట ఒప్పుకోను. తొమ్మిదేళ్ల మౌనం రాజీయే, దానికి సంజాయిషీ లేదు. కానీ ఆ రోజు నేను చేసింది రాజీ కాదు. అమ్మ చెప్పింది కాబట్టి తాయెత్తు కట్టుకున్న పిల్లవాడు, తాతయ్య చెప్పాడు కాబట్టి తెంపేస్తే వాడిలో ఏం మారినట్టు? నమ్మే మనిషి మారాడు, నమ్మే పద్ధతి అలాగే ఉంది. రేపు ఇంకొకడు నాకంటే గట్టిగా చెబితే మళ్లీ కట్టుకుంటాడు. 1976లో 42వ సవరణ మన రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథం గురించి ఉందని మనం తరచూ చెబుతాం. అదే వాక్యంలో మానవతావాదం, తెలుసుకోవాలనే తపన కూడా ఉన్నాయని అంత తరచుగా చెప్పం.

ఇంతకీ ఆ విగ్రహం ఎవరిదో చెప్పాలి. స్టెవిన్ 1548లో బ్రూజ్‌లోనే పుట్టాడు. 1577లో బ్రుగ్స వ్రేయె అనే చుట్టుపక్కల గ్రామాల పాలనా కార్యాలయంలో లెక్కల గుమాస్తాగా చేరాడు. ఆ కార్యాలయం ఉన్నదీ బుర్గ్ చౌక్‌లోనే, రక్తపు సీసా ఉన్న చర్చికి కూతవేటు దూరంలో. తర్వాత హాలండ్ వెళ్లిపోయాడు. 1585లో దశాంశ భిన్నాల మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి, నాణేలు, తూకాలు, కొలతలు అన్నీ పదుల్లో ఉండాలని వాదించాడు. దశాంశ భిన్నాలు ఆయన కనిపెట్టినవి కావు, అరబ్బు, పర్షియన్ గణితజ్ఞులకు ముందే తెలుసు. వాటిని యూరప్‌లో మామూలు జనం వాడకంలోకి తెచ్చే దారి వేశాడు. మనకు అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. సైన్యంలో క్వార్టర్‌మాస్టర్ పని కూడా చేశాడు. జంట పద్దు విధానాన్ని ప్రభుత్వ ఖాతాలకు ఎలా వాడాలో పుస్తకం రాశాడు. నా వృత్తికి ఆయన మూలపురుషుడన్నమాట. 36 ఏళ్లు చేసి కూడా నాకు ఆయన పేరు తెలియదు!

1586లో వచ్చిన ఆయన పుస్తకం ముఖచిత్రం మీద ఒక త్రికోణం, దాని మీదుగా వేలాడే 14 గుండ్ల దండ ఉంటాయి. ఒక వాలు మీద నాలుగు గుండ్లు, రెండో వాలు మీద రెండే. నాలుగు వైపుకి దండ జారాలి కదా? జారితే గుండ్ల అమరిక మళ్లీ ముందులాగే ఉంటుంది కాబట్టి ఎప్పటికీ జారుతూనే ఉండాలి. అది జరగని పని. కాబట్టి కదలదు. ఈ తర్కంతోనే వాలు మీద బరువుల నియమం రాబట్టాడు. వింతగా కనిపించేది వింత కాదు అన్న అర్థం వచ్చే మాట ఆ బొమ్మ చుట్టూ రాయించుకున్నాడు.

మరుసటి ఆదివారం మావాడు వాళ్ల చెల్లెలి పూసల దండ, రెండు పుస్తకాలు తీసుకుని అది జారుతుందో లేదో చూస్తూ కూర్చున్నాడు. పక్కనే వాళ్లమ్మ. నేను నోరు మూసుకుని కాఫీ తాగాను.